చీతా వేగం, డేగ వేగం: రెండింటినీ ఒకే తక్కెడలో తూచొచ్చా?

#1 అడవిబాట
అందరికీ నమస్కారం. మా అబ్బాయికి తొమ్మిదేళ్ళు. నిన్న రాత్రి జంతువుల పుస్తకం ముందేసుకుని కూర్చున్నాడు. ఒక పేజీలో చీతా, ఎదురు పేజీలో పెరిగ్రిన్ డేగ. చీతా బొమ్మ కింద గంటకు 112 కిలోమీటర్లు అని ఉంది, డేగ బొమ్మ కింద 389 అని ఉంది. "అయితే డేగే గెలిచినట్టు కదా నాన్నా?" అన్నాడు. అవునన్నాను. వాడు హాయిగా పడుకున్నాడు, నాకే నిద్ర పట్టలేదు. ఒకటి నాలుగు కాళ్ళతో నేలని తన్నుకుంటూ పరిగెత్తేది. ఇంకొకటి ఆకాశంలోంచి కిందికి దూకేది. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి గెలుపోటములు చెప్పడం సరైనదేనా? వాడికి తప్పు చెప్పానేమో అనిపిస్తోంది. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

#2 పిల్లిమీసం
మంచి ప్రశ్న. లోపలికి వెళ్ళే ముందు పేర్ల సంగతి తేల్చుకుందాం. లేకపోతే పది పోస్టుల తర్వాత ఎవరు దేని గురించి మాట్లాడుతున్నారో తెలియదు.

మనం "చిరుత" అనేది చిరుతపులిని. ఒళ్ళంతా గులాబీ రేకుల్లా గుంపుగుంపుగా మచ్చలుండి, చెట్టెక్కే బలమైన జంతువు అది. చీతా వేరు. దాని మచ్చలు ఒక్కొక్కటీ సిరా చుక్క పెట్టినట్టు విడివిడిగా ఉంటాయి. కంటి మూల నుంచి నోటి దాకా నల్లటి చార ఉంటుంది, ఏడ్చి ఏడ్చి ఆరిపోయిన కన్నీటి జాడలాగా. నడుము సన్నం, కాళ్ళు పొడవు, తల చిన్నది. పేపర్లలో, టీవీల్లో రెండింటినీ చిరుత అనేస్తుంటారు.

పక్షి విషయంలోనూ అంతే. గద్దకీ డేగకీ తేడా ఉంది. గద్ద వెడల్పాటి రెక్కలు చాపి గాల్లో తేలుతూ గుండ్రంగా తిరుగుతుంది. పెరిగ్రిన్ డేగ రెక్కలు సన్నగా, మొనదేలి ఉంటాయి. అడవిబాట గారి పుస్తకంలో ఉన్నది ఈ రెండోది.

#3 లెక్కలమాస్టారు
అంకెల విషయం నేను చెప్తాను. ఆ పుస్తకంలోని రెండు అంకెలూ ఒక రకంవి కావు.

389 అనేది 1999లో అమెరికాలో కొలిచింది. కెన్ ఫ్రాంక్లిన్ అనే ఆయన తను పెంచిన ఆడ డేగని విమానంలో పైకి తీసుకెళ్ళి, పారాచూట్‌తో తనూ దూకుతూ, అది దూకే వేగాన్ని కొలిచారు. అడవిలో రోజువారీ వేటకి డేగ ఇంత వేగంతో దూకనక్కర్లేదు, చాలాసార్లు దూకదు కూడా.

చీతాకి రాసే 112, 120 మాత్రం పక్కాగా కొలిచినవి కావు, ఒక పుస్తకంలోంచి ఇంకో పుస్తకంలోకి వచ్చినవి. జాగ్రత్తగా కొలిచిన వాటిలో ఒకటి 1965లో కెన్యాలో చేసింది. ఒక ఆడ చీతా సుమారు 200 మీటర్ల దూరాన్ని సగటున గంటకు 104 కిలోమీటర్ల వేగంతో పరిగెత్తింది. 2012లో సిన్సినాటి జూలోని సారా అనే చీతా 100 మీటర్లు 5.95 సెకన్లలో దాటింది. అప్పటికి దాని వయసు 11 ఏళ్ళు. ఉసేన్ బోల్ట్ రికార్డు 9.58 సెకన్లు. పక్కపక్కన పెట్టి చూడండి.

ఇంకో మాట. డేగ దూకకుండా, రెక్కలాడిస్తూ సమంగా ఎగిరితే మామూలుగా 65 నుంచి 90 మధ్య, దేన్నైనా తరుముతుంటే 110 దాకా వెళ్తుంది. అంటే కండబలంతో మాత్రమే సాధించిన వేగం చూస్తే రెండూ ఇంచుమించు ఒకే చోట ఉన్నాయి.

#4 మట్టివాసన
నా అనుమానం కూడా అదే మాస్టారూ. కొండ మీంచి రాయి వదిలితే అదీ వేగంగానే పడుతుంది. ఆ వేగం రాయి గొప్పా? డేగ 389 కూడా భూమి లాగితే వచ్చిందే కదా. చీతా మాత్రం ప్రతి అడుగూ తన కండతో కొనుక్కోవాలి. నా ఓటు చీతాకే.

#5 రెక్కలచప్పుడు
మట్టివాసన గారూ, ఒక్కసారి కళ్ళారా చూస్తే ఆ "రాయి" అనే మాట మీరే వెనక్కి తీసుకుంటారు.

మేముండే చోట ఒక ఎత్తైన టవర్ ఉంది. రెండు చలికాలాలు వరసగా ఒక ఆడ డేగ వచ్చి దాని మీద కూర్చునేది. ఆడది అని ఎలా తెలుసంటే, ఈ జాతిలో ఆడదే మగదానికంటే బాగా పెద్దది. నేను రోజూ పొద్దున్నే బైనాక్యులర్స్ పట్టుకుని మేడ మీదికి వెళ్ళేవాణ్ణి. చాలా రోజులు ఏమీ జరగదు. అది ఈకలు సర్దుకుంటుంది, కాలు మార్చుకుంటుంది, అంతే.

ఒకరోజు అది టవర్ మీద లేదు. పావురాల గుంపు ఎదురుగా వెళ్తోంది. ఉన్నట్టుండి గుంపంతా పిడికిలి మూసినట్టు దగ్గరికి ముడుచుకుంది. తల ఎత్తి చూస్తే చిన్న నల్ల చుక్క. ఆ చుక్క పెద్దదవుతోంది, అంతేగానీ పక్కకి కదలడం లేదు. రెక్కలు ఒంటికి అంటుకుపోయి నీటిబొట్టు ఆకారంలో ఉంది. తర్వాత చప్పుడు వినిపించింది. గట్టి గుడ్డని ఒక్క లాగుతో చింపితే వస్తుందే, అలా. ఆఖరి క్షణంలో రెక్కలు కొంచెం, అంటే మన వేలెడంత విచ్చుకున్నాయి. దారి మారింది. గుంపు చివర ఒక పావురం పల్టీ కొట్టింది. దాని ఈకలు మాత్రం అక్కడే గాల్లో తేలుతూ ఉండిపోయాయి. డేగ అప్పటికే కిందికి దిగి, మళ్ళీ పైకి లేచి, పడిపోతున్న పావురాన్ని కాళ్ళతో అందుకుంది.

టవర్ మీద కూర్చున్నాక మెడ దగ్గర ఒక్కసారి కొరికింది. దాని పై ముక్కు అంచుకి రెండు పక్కలా పన్ను లాంటి మొన ఉంటుంది. అది వెన్నుపూసల మధ్య దిగుతుంది. పావురం రెక్క ఒకటి చివరిసారి విదిలించి ఆగిపోయింది. నా చేతులు వణికి, బైనాక్యులర్స్ కంటికి సరిగ్గా ఆనలేదు.

రాయి అయితే పావురం పక్కకి తప్పుకున్నాక నేల మీద పడేది.

#6 మట్టివాసన
చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. రాయి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ అంత వేగంలో దారి ఎలా మార్చగలిగింది? బండి మీద వేగంగా వెళ్తూ మలుపు తిప్పితే పడిపోతాం కదా.

#7 లెక్కలమాస్టారు
ఈ చర్చకి అసలు కీలకం మీ ప్రశ్నలోనే ఉంది. కొంచెం ఓపిగ్గా చదవండి.

నేల మీద మలుపు తిరగాలంటే కాలు నేలని పట్టుకుని పక్కకి తొయ్యాలి. ఆ పట్టుకి ఒక హద్దు ఉంది, వేగం పెరిగిందని పట్టు పెరగదు. వేగం రెట్టింపైతే అదే పట్టుతో తిరగగలిగే మలుపు నాలుగు రెట్లు పెద్దదవుతుంది. అందుకే బండి జారుతుంది. చీతాకీ ఇదే కష్టం. పూర్తి వేగంలో ఉన్న చీతా చిన్న మలుపు తిరగలేదు. ముందు వేగం తగ్గించుకోవాలి.

గాల్లో సంగతి తిరగబడుతుంది. రెక్క పుట్టించే బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగం రెట్టింపైతే రెక్క ఇవ్వగలిగే బలం నాలుగు రెట్లు. కాబట్టి మలుపు పెద్దదైపోదు, పైగా ఆ మలుపుని తక్కువ సమయంలో తిరగొచ్చు. ఎముక, కండ తట్టుకున్నంత వరకు, వేగంగా ఉన్న డేగ నెమ్మదిగా ఉన్న డేగ కంటే బాగా తిరగగలదు. 2018లో కంప్యూటర్‌లో డేగ దూకుడునీ, తప్పించుకునే పక్షి కదలికల్నీ లెక్కగట్టి చూసిన శాస్త్రవేత్తలకీ ఇదే తేలింది. వంకరటింకరగా తప్పించుకునే పక్షిని పట్టడంలో ఎత్తు నుంచి దూకడమే ఎక్కువ ఫలితమిచ్చింది.

అంటే మనం రెండు చోట్లా "వేగం" అనే ఒకే మాట వాడుతున్నాం గానీ అది చేసే పని వేరు. డేగకి వేగం అంటే స్టీరింగ్. చీతాకి వేగం అంటే దగ్గరికి చేరడానికి దారి, చేరాక మాత్రం అదే అడ్డం.

#8 అడవిబాట
మాస్టారూ, ఇది నేను రెండుసార్లు చదివాను. మరి చీతాకి వేగం అడ్డమైతే జింకని ఎలా పడుతుంది?

#9 మైదానం
నేను చూసింది చెప్తాను. కొన్నేళ్ళ క్రితం కెన్యాలో మసాయి మారా వెళ్ళాను. ఒక ఆడ చీతా చెదల పుట్ట మీద కూర్చుని దూరంగా చూస్తోంది. మా జీపు ఆపేసి మేమూ కూర్చున్నాం. దాదాపు గంట. తర్వాత అది కిందికి దిగి, తల భుజాల కంటే కిందికి వంచి, ఒక్కో కాలూ తీసి పెడుతూ నడిచింది. దూరంగా థామ్సన్ గెజెల్ అనే చిన్న జింకలు మేస్తున్నాయి. ఒక జింక తల ఎత్తితే చాలు, ముందు కాలు గాల్లోనే ఆగిపోయేది.

పరుగు మొదలైన క్షణం నేను చూడలేకపోయాను. చూసేసరికి దుమ్ము. మామూలుగా మనం ఊహించుకునే గీత గీసినట్టు పరుగు కాదది. జింక ఎడమకి తిరిగింది. చీతా తోక గిరుక్కున అటుపక్కకి విసిరినట్టు లేచింది, ఒళ్ళు జింక వెనకే వంగింది. ఆ తోక దానికి పడవ చుక్కానిలా పనికొస్తుంది. జింక మళ్ళీ కుడికి కోసింది. అక్కడ చీతా ఒక్కసారిగా బ్రేకేసినట్టు నాలుగు కాళ్ళూ ముందుకి చాపింది. అరే, వదిలేసింది అనుకున్నాను. కాదు, తిరగడానికి తగ్గింది. మూడో మలుపులో ముందు కాలు చాపి జింక వెనక కాలిని పక్కకి తన్నింది. జింక పల్టీ. పదిహేను సెకన్లు కూడా పట్టలేదు.

గొంతు పట్టుకుని చాలాసేపు అలాగే ఉంది. ఊపిరి ఆడకుండా చంపాలి, పులికి ఉన్నంత కోరల బలం దీనికి లేదు. నోరు జింక గొంతు మీద ఉంది కాబట్టి గాలంతా ముక్కుతోనే పీల్చుకోవాలి. డొక్కలు కొలిమి తిత్తుల్లా ఎగిరిపడుతున్నాయి, కళ్ళు మాత్రం మైదానమంతా వెతుకుతున్నాయి. తర్వాత నీడకి ఈడ్చుకెళ్ళి, తినకుండా రొప్పుతూ పడుకుంది. ఇంతలో ఒక హైనా వచ్చింది. ఒకటే. చీతా లేచి నాలుగడుగులు వెనక్కి వేసి, చూస్తూ నిలబడింది. చేతికందింది నోటికందలేదు. ఎదురు తిరిగి కాలు విరగ్గొట్టుకుంటే ఇక జన్మలో పరిగెత్తలేదు మరి. అది నెమ్మదిగా గడ్డిలోకి నడిచి వెళ్ళిపోతుంటే మా జీపులో ఎవరూ మాట్లాడలేదు.

#10 లెక్కలమాస్టారు
మైదానం గారు చూసిన "బ్రేకు" నిజంగా కొలిచారు. బోట్స్వానాలో ఐదు అడవి చీతాలకి మెడపట్టీలు కట్టి 367 పరుగులు నమోదు చేసి 2013లో ప్రచురించారు. అందులో అత్యధిక వేగం గంటకు 93 కిలోమీటర్లు. కానీ చాలా వేటల్లో అవి అందులో సగం, సగం కంటే కాస్త ఎక్కువ వేగమే వాడాయి. ఒక పరుగు సగటున 173 మీటర్లు. వాటి గొప్పతనం వేగం మార్చుకోవడంలో ఉంది. ఒక్క అంగలో గంటకు 10 కిలోమీటర్లకి పైగా పెంచుకోగలవు, ఒక్క అంగలో 14 దాకా తగ్గించుకోగలవు. కిలో కండకి అవి పుట్టించిన శక్తి గ్రేహౌండ్ కుక్క కంటే రెట్టింపు, ఉసేన్ బోల్ట్ కంటే నాలుగు రెట్లకి పైమాటే.

ఇంత చేసినా నాలుగు పరుగుల్లో ఇంచుమించు ఒక్కటే ఫలించింది.

#11 పిల్లిమీసం
రొప్పుతూ పడుకోవడం గురించి ఒక మాట. చీతా ఒళ్ళు వేడెక్కిపోయి పరుగు ఆపేస్తుందని చాలా పుస్తకాల్లో ఉంటుంది. 1973లో పరుగు యంత్రం మీద చేసిన ప్రయోగం నుంచి వచ్చిన మాట అది. తర్వాత అడవిలో తిరిగే చీతాల ఒంట్లోనే చిన్న పరికరాలు పెట్టి 2013లో చెప్పింది వేరు. పరుగు ఆపే సమయానికి వేడి అంతగా పెరగలేదు. వేట అయ్యాక పెరిగింది. అదీ దొరికిన వేటల తర్వాత ఎక్కువ, దొరకని వాటి తర్వాత తక్కువ. ఎవరొచ్చి లాక్కుంటారో అన్న టెన్షనే అందుకు కారణం కావచ్చని ఆ పరిశోధకులు రాశారు. మైదానం గారు చూసిన ఆ వెతికే కళ్ళు అవే. అన్నం ముందు కూర్చుని భయంతో ఒళ్ళు వేడెక్కడం ఎంత కష్టమో ఆలోచించండి.

#12 కొత్తచిగురు
నేను ఈ వేదికకి కొత్త. ఒక సందేహం అడగొచ్చా? రెండూ ఎదురుపడితే ఏమవుతుంది?

#13 రెక్కలచప్పుడు
తప్పకుండా అడగండమ్మా. పెరిగ్రిన్ డేగ బరువు అర కిలో నుంచి కిలోన్నర దాకా, అదీ పక్షుల్ని తిని బతికేది. చీతాతో దానికి పనే లేదు. పెద్ద గద్దల సంగతి వేరు, తల్లి వేటకి వెళ్ళినప్పుడు గడ్డిలో దాగిన చీతా కూనల్ని అవి ఎత్తుకెళ్ళగలవు. ఈ చర్చలో పోరాటానికి ఇంతకంటే చోటు లేదనుకుంటాను.

నాకు ఆశ్చర్యమనిపించేది డేగ చూపు. దాని ప్రతి కంట్లోనూ అతి స్పష్టంగా కనిపించే చోట్లు రెండున్నాయి. వాటిలో మరీ పదునైనది సూటిగా ముందుకి చూడదు, పక్కకి 45 డిగ్రీల దగ్గర చూస్తుంది. దూరంగా ఉన్న పావురాన్ని దాంతో చూడాలంటే తల పక్కకి తిప్పాలి. తిప్పితే గాలి తగిలి వేగం తగ్గిపోతుంది. మరేం చేస్తుంది? తల సూటిగానే ఉంచి, దారినే వంచుకుంటుంది. సుడి తిరిగినట్టు వంపుగా వస్తుంది. దారి పొడవు పెరిగినా మొత్తం మీద ముందే చేరుతుంది. 2000లో అమెరికా జీవశాస్త్రవేత్త వాన్స్ టకర్ ఇది తేల్చారు.

#14 పిల్లిమీసం
చీతాకి అలాంటిది చెవిలో ఉంది. లోపలి చెవిలో ఒళ్ళు తూలిపోకుండా చూసే భాగం మిగతా పిల్లుల కంటే దీనికి పెద్దది. అందుకే ఒళ్ళంతా స్ప్రింగులా మడతపడి విచ్చుకుంటున్నా తల మాత్రం నీళ్ళ మీద తేలినట్టు కదలకుండా ఉంటుంది. స్లో మోషన్ వీడియో ఉంటే తలని మాత్రమే చూడండి, ఒళ్ళంతా మర్చిపోయి.

ఈ రెండింటిలో నన్ను బాగా కట్టిపడేసింది మాత్రం చుట్టరికం. చీతాని పెద్దపులి, సింహం జట్టులో వేస్తాం. అది గర్జించలేదు, ఇంటి పిల్లిలా గురగురలాడుతుంది, పక్షిలా కిచకిచమని కూడా పిలుస్తుంది. జన్యువులు చూస్తే దానికి దగ్గరి చుట్టం అమెరికా ఖండాల్లోని ప్యూమా. డేగని గద్దల జట్టులో వేస్తాం. జన్యువులు చూస్తే అది గద్దల కంటే చిలకలకి దగ్గర! వేట పనే గద్దకీ డేగకీ ఒకే రకం ముక్కు, ఒకే రకం గోళ్ళు ఇచ్చింది.

#15 మట్టివాసన
చిలకలకా! ఇది మాత్రం నాకు అస్సలు తెలియదు. మా ఇంట్లో అందరికీ చెప్పేశాను.

#16 మైదానం
పిల్లల్ని పెంచే తీరు కూడా చూడాలి. ఇక్కడ రెండూ నాకు ఒక్కలాగే కనిపిస్తాయి. తల్లి చీతా ఒక వయసు వచ్చాక చిన్న జింకపిల్లని చంపకుండా తెచ్చి కూనల ముందు వదులుతుంది. అవి తడబడతాయి, తప్పిపోతే తల్లి మళ్ళీ పట్టుకొస్తుంది.

#17 రెక్కలచప్పుడు
డేగ కూడా అంతే అండి! పిల్లలు ఎగరడం మొదలుపెట్టాక తల్లో తండ్రో వేటని కాళ్ళతో పట్టుకుని వాటి పైకి వచ్చి గాల్లోనే వదిలేస్తుంది. పిల్ల కిందినుంచి ఒళ్ళు తిప్పి అందుకోవాలి. మొదట్లో చాలాసార్లు జారిపోతుంది. ఒక తేడా ఉంది. డేగల్లో తండ్రి కూడా పాటుపడతాడు, గుడ్ల మీద తల్లి కూర్చున్నన్నాళ్ళూ తిండి తెచ్చేది ఎక్కువగా అతనే. చీతా తల్లి ఏడాదిన్నర దాకా ఒంటరిగానే ఈదాలి.

#18 పిల్లిమీసం
ఆ ఒంటరితనానికి అది కట్టే వెల చాలా ఎక్కువ. సెరెంగెటి మైదానంలో గమనించినప్పుడు పుట్టిన కూనల్లో పెద్దవైనవి ఇరవైకి ఒక్కటి. ఎక్కువగా చంపింది సింహాలు. సింహాలు తక్కువున్న చోట ఇంతకంటే నయంగా బతుకుతాయి. ఈరోజు ప్రపంచం మొత్తం మీద అడవిలో ఉన్న చీతాలు సుమారు 7,000.

డేగ కూడా ఒకప్పుడు అంచుదాకా వెళ్ళొచ్చింది. డీడీటీ మందు పురుగుల్లోంచి చిన్న పక్షుల్లోకి, వాటిలోంచి డేగల్లోకి చేరి గుడ్డు పెంకుల్ని పల్చన చేసింది. పొదగడానికి కూర్చున్న తల్లి బరువుకే గుడ్లు పగిలిపోయేవి. 1967లో బ్రిటన్‌లో డెరెక్ రాట్‌క్లిఫ్ పాత సేకరణల్లోని పెంకులతో పోల్చి ఇది బయటపెట్టారు. అమెరికా 1972లో ఆ మందుని నిషేధించింది, 1999లో డేగని అంతరించే ముప్పున్న జాబితా నుంచి తీసేశారు. ఎత్తైన మేడల్ని కొండచరియలనుకుని ఇప్పుడు అది నగరాల్లోనూ గుడ్లు పెడుతోంది. చీతాకి అలా సర్దుకునే వీల్లేదు. దానికి కావలసింది అడ్డులేని నేల, చాలా నేల.

#19 అడవిబాట
ఇన్ని సంగతులు చెప్పినందుకు అందరికీ ధన్యవాదాలు. రాత్రి అబ్బాయిని కూర్చోబెట్టి, నేను తప్పు చెప్పానని ముందే ఒప్పుకున్నాను. మైదానం గారి వేట, రెక్కలచప్పుడు గారి వేట రెండూ చదివి వినిపించాను. హైనా వచ్చినచోట వాడి మొహం మాడిపోయింది. తర్వాత మాస్టారి లెక్క నాకు వచ్చినట్టు చెప్పాను. వాడు హాల్లో పరిగెత్తి సోఫా దగ్గర మలుపు తిరగడానికి చూశాడు, సాక్సులతో జారాడు. మళ్ళీ మెల్లగా పరిగెత్తి తిరిగాడు. అప్పుడు ఇలా అడిగాడు: "మరి డేగ కొంచెం ఎత్తు నుంచే దూకితే, వేగం రాకపోతే, పావురం తప్పించుకుంటుందా?"

మాస్టారూ, దీనికి ఏం చెప్పమంటారు?

#20 లెక్కలమాస్టారు
తప్పించుకునే అవకాశం పెరుగుతుందని చెప్పండి. అందుకే పావురాలు డేగ కనబడగానే దానికంటే పైకి చేరాలని చూస్తాయి. ఒకసారి దానికంటే ఎత్తులోకి వెళ్ళాయంటే ఆ దూకుడు ఇక లేనట్టే. ఈసారి ఆకాశంలో పావురాల గుంపు ఒక్కసారిగా పైకి లేస్తే, అవి దేన్ని చూశాయో వెతకమనండి.